నెలకు జీతం, ఓడకు సరుకు

కాంప్‌బెల్ బేలో జీతం పడే రోజుకు పెద్ద విలువ లేదు. ఫోనులో మెసేజీ మోగుతుంది, చూసి పక్కన పెడతారు. విలువంతా ఓడ వచ్చే రోజుది. చేతిలో డబ్బున్న రోజున బజారులో ఉల్లిపాయలుండవు. ఉల్లిపాయలు దిగిన రోజున చేతిలో డబ్బుండాలి. జీతం నెల లెక్కన వస్తుంది, సరుకు ఓడ లెక్కన వస్తుంది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే అక్కడ ఇల్లు నడపడమంటే.

గ్రేట్ నికోబార్ మన దేశానికి దక్షిణపు చివర. ఇందిరా పాయింట్ ఉన్నది ఈ దీవిలోనే. తూర్పు ఒడ్డున ఉన్న చిన్న ఊరు కాంప్‌బెల్ బే. పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 540 కిలోమీటర్లు. ఇండోనేషియాలోని సుమత్రా అంతకంటే ఎంతో దగ్గర. 2011 జనాభా లెక్కల్లో దీవి మొత్తానికి ఎనిమిది వేల పైచిలుకు మనుషులు. మా చిన్నమ్మ కూతురు అక్కడ సర్కారు బళ్లో టీచరు. మరిదిది ఇంకో ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ శ్రీకాకుళం జిల్లాలోనే.

"రా అక్కా, చూద్దువు గానీ. చేతులూపుకుంటూ మాత్రం రాకు" అంది ఫోనులో. ఆ వెనకే జాబితా పంపింది. చింతపండు, కందిపప్పు, ఇంగువ సరే. వాటికన్నా పైన రాసినవి కుక్కరు గ్యాస్కెట్లు రెండు, విజిల్ ఒకటి, మిక్సీ జారు కప్లర్ ఒకటి. వంద రూపాయల గ్యాస్కెట్ కోసం ఇంత గట్టిగా చెప్పాలా అనుకున్నాను. అక్కడికి వెళ్లాక తెలిసింది. గ్యాస్కెట్ పోయిన ఇంట్లో పప్పు గిన్నెలో ఉడకాలి, దానికి గ్యాసు రెండింతలు కాలుతుంది. సిలిండరు కూడా ఓడ మీదే రావాలి.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. విమానమైతే పూటలో పని, ఓడైతే రెండు రాత్రులు దాటుతుంది. నా మూటల బరువు చూసుకుని ఓడకే టికెట్ తీసుకున్నాను. బంక్ క్లాసులో నా చుట్టూ సగం మంది ఉత్తరాంధ్ర వాళ్లే. వేటకు పోయేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, అక్కడే పుట్టి పెళ్లికని సొంతూరొచ్చి తిరిగి వెళ్తున్నవాళ్లు. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో వందమందికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో దిగితే ఆ అంకె అర్థమవుతుంది. చేపల బేరం దగ్గర్నుంచి కొట్లాట దాకా అన్నీ మన యాసలోనే. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. జనం నోట మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే.

అబర్డీన్ బజారులో మిగతా సామాన్లు కొన్నాను. చుట్టుపక్కల దీవుల చిల్లర కొట్లవాళ్లు సరుకు ఎత్తుకునేదీ ఇక్కడే. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, బంగాళాదుంపలు చాలామట్టుకు మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో వచ్చి ఇక్కడ దిగుతాయి. మళ్లీ ఇంకో ఓడెక్కి దక్షిణానికి పోతాయి. అంటే కాంప్‌బెల్ బేలో ఒక ఉల్లిపాయ పొయ్యి మీదకొచ్చేసరికి రెండు సముద్ర ప్రయాణాలు చేసి ఉంటుంది. నాలుగు చోట్ల కూలీల భుజాలెక్కి దిగి ఉంటుంది. ఎక్కించిన చోట కూలి, దించిన చోట కూలి, మధ్యలో కుళ్లినదానికి తరుగు. వీటన్నిటినీ మంచి ఉల్లిపాయలే మోయాలి. అక్కడ ధర ఎక్కువంటే కారణం కొట్టువాడి అత్యాశ ఒక్కటే కాదు.

కాంప్‌బెల్ బే వెళ్లే ఓడకు రైలుకున్నట్టు ఏడాది పొడుగునా నిలిచే టైమ్‌టేబుల్ ఉండదు. ఎప్పటికప్పుడు ప్రకటిస్తారు, వాతావరణాన్ని బట్టి మారుస్తారు. దీవుల వాసులకు టికెట్ తక్కువ, నాబోటి పైవాళ్లకు ఎక్కువ. అది న్యాయమే, ఆ ఓడ వాళ్లకు బస్సు. డెక్ మీద తాళ్లతో కట్టిన గుడ్ల ట్రేలు, బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెల్లో కోడిపిల్లలు, స్కూటర్ టైర్లు, ఎవరి పెళ్లికో స్టీలు సామాను. పది డిగ్రీల ఛానెల్ దాటుతుంటే ఓడ ఊగిన ఊపుకు కోడిపిల్లల కిచకిచలు కూడా ఆగిపోయాయి. కార్ నికోబార్, కచాల్, కమోర్టాల మీదుగా సాగాం. ఆగిన ప్రతి చోటా జెట్టీ మీద జనం ముందు మనుషుల్ని కాదు, సామాన్లను వెతుక్కున్నారు.

మా చెల్లి ఇంటి లెక్కలు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఉంటాయి. మన ఇళ్లలో పద్దు పుస్తకానికి జనవరి, ఫిబ్రవరి అని శీర్షికలుంటాయి. ఆమె పుస్తకంలో పేజీకో ఓడ. పైన ఓడ వచ్చిన తేదీ, కింద మూడు వరసలు: కొన్నది, వాడింది, మిగిలింది. మొదటి రెండింటినీ పెన్సిలుతో రాస్తుంది. మిగిలినదాన్ని మాత్రం పెన్నుతో రాసి గీత గీస్తుంది. "డబ్బు ఎంత మిగిలిందో బ్యాంకు చెప్తుంది. పప్పు ఎంత మిగిలిందో నేనే చెప్పుకోవాలి" అంది.

ఆమెకున్న సూత్రం ఒక్కటే: ఒక ఓడ తప్పినా పొయ్యి వెలగాలి. అందుకని నిలవ ఉండే సరుకు ఏదైనా వచ్చే ఓడ దాకా కాదు, దాని తర్వాతి ఓడ దాకా సరిపోయేలా కొంటుంది. నలుగురున్న ఇంటికి బియ్యం బస్తా ఒకటి వాడకంలో, ఒకటి కుట్టు విప్పకుండా. గ్యాసు సిలిండర్లు రెండు, అందులో ఒకటి ఎప్పుడూ నిండుగా. నూనె, పంచదార, పాలపొడి, సబ్బులు, అగ్గిపెట్టెలు, జ్వరం మాత్రలు కూడా ఇదే లెక్క. నైరుతి ముదిరినా, నవంబరు డిసెంబరు నెలల్లో తుఫాను పట్టినా ఓడలు ఆగుతాయి. ఆ నెలల ముందు పేజీల్లో కొన్న అంకె పెద్దది, తర్వాతి పేజీల్లో చిన్నది.

ఓడ దిగిన మర్నాడు పొద్దున్నే ఆమె స్టోరు గదిలో నేనూ కూర్చున్నాను. నేల మీద పాత చీర పరిచి ఉల్లిపాయల గోనె బోర్లించింది. ఒక్కోదాన్ని బొటనవేలితో మెడ దగ్గర నొక్కి చూస్తుంది. మెత్తగా తగిలినవి ఒక గిన్నెలోకి, నల్ల బూజు పట్టినవి పై పొర ఒలిచి చేటలోకి, గట్టివి వల సంచిలోకి. గిన్నెలోవి ఆ రెండు మూడు రోజులకు, చేటలోవి వారం లోపు, వల సంచి దూలానికి వేలాడుతూ చివరి దాకా. గుడ్లను బకెట్ నీళ్లలో వేసింది. తేలినవి అవతల పెట్టి, నిలువుగా నిలబడ్డవి ముందు వాడాలని వాటి మీద పెన్సిలుతో చుక్క పెట్టింది. తరవాత బొంబాయి రవ్వంతా మూకుడులో దోరగా వేయించింది. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన పడే చోటు కనక, వేయించని రవ్వ పురుగు పట్టడానికి వారం చాలు. ఉప్పు జాడీలో గుప్పెడు బియ్యం, పప్పు డబ్బాలో ఎండుమిరపకాయలు, అల్మారా అడుగున చెమ్మ పోవడానికి రాత్రీపగలూ వెలిగే చిన్న బల్బు. వడియాలు ఎండబెట్టుకునేంత ఎండ నమ్మకంగా దొరకదు. వడియాలు, ఒరుగులు, అప్పడాలు శ్రీకాకుళం ఎండలో ఎండి ఓడెక్కి వస్తాయి. నా మూటల్లో బరువెక్కువ వాటిదే.

వంట కూడా ఓడను బట్టే. మొదటి నాలుగు రోజులు టమాటా, ఆకుకూర. రెండో వారం క్యాబేజీ, క్యారెట్. ఆ తరవాత బంగాళాదుంప, గుమ్మడికాయ. అవీ అయ్యాక పప్పుచారు, వడియాలు, ఎండుచేపలు. వీటి మధ్యలో దీవి ఇచ్చేవి ఉంటాయి: కొబ్బరి, అరటి, బొప్పాయి, పెరట్లో ఆనపకాయ, బీరకాయ, వేట సాగినప్పుడు తాజా చేప. పట్నంలో మనం మురిసిపోయి కొనే వంజరం ముక్క వాళ్లింట్లో మామూలు పూట కూర. టమాటా పచ్చడి చేసిన రోజున పిల్లలు పండగ చేసుకుంటారు.

బజారులో ధర కూడా నిలకడగా ఉండదు. ఓడ దిగిన రోజు ఒక ధర, సరుకు అడుగంటిన రోజు ఇంకో ధర. ఇక్కడే ఆ దీవిలో ఇళ్లు రెండు రకాలుగా విడిపోతాయి. నెలజీతం ఉన్న మా చెల్లి లాంటివాళ్లు ఓడ దిగిన రోజునే బస్తాల లెక్కన ఎత్తేస్తారు. రోజు కూలి మీద బతికేవాళ్లకు ఆ రోజు చేతిలో ఉండేది ఆ రోజు కూలే. అరకిలో అరకిలో కొంటారు, చివరి రోజుల హెచ్చు ధర వాళ్ల నెత్తినే పడుతుంది. అదీ లేనప్పుడు కొట్లో ఖాతా. ముందుగా కొనగలిగినవాడికే సరుకు చవక. ఈ సంగతి మన ఊళ్లలోనూ ఉన్నదే. అక్కడ సముద్రం అడ్డంగా ఉండటం వల్ల మరింత కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రేషన్ షాపు బియ్యం లేకపోతే చాలా పొయ్యిలు ఓడ ఓడకూ మధ్య ఆరిపోతాయి.

మూడో రకం ఇళ్లు సెటిలర్లవి. 1969 నుంచి 1980 దాకా ప్రభుత్వం సుమారు 330 మాజీ సైనికుల కుటుంబాలను ఇక్కడికి తెచ్చి భూమి ఇచ్చింది. పంజాబు వాళ్లు, మరాఠీలు, మలయాళీలు, తమిళులు, కొందరు తెలుగువాళ్లు. గోవింద్ నగర్, జోగిందర్ నగర్, విజయ్ నగర్, లక్ష్మీ నగర్ అని తీరం వెంట వాళ్ల ఊళ్లు. విజయ్ నగర్‌లో ఒక పంజాబీ ఇంటికి వెళ్లాం. తండ్రి సైనికుడు, కొడుకు కొబ్బరి, వక్క తోట చూసుకుంటున్నాడు. అతని లెక్క మా చెల్లి లెక్కకు సరిగ్గా తలకిందులు. ఆమె ఓడ వస్తే ఖర్చు రాస్తుంది, అతను ఓడ వస్తే రాబడి రాస్తాడు. ఎండుకొబ్బరి, వక్కలు పోర్ట్ బ్లెయిర్ చేరితేనే డబ్బు. ఓడ ఆలస్యమైతే కొబ్బరికి బూజు, ధరకు కోత. "నాన్న కాలంలో వరి కూడా పండేది. సునామీకి పొలంలోకి ఉప్పునీరొచ్చింది, ఇప్పుడు బియ్యం కొనుక్కుంటున్నాం" అన్నాడు హిందీలో.

నికోబారీ ఆదివాసులకు ఈ రూపాయల పద్దు కొత్త అలవాటే. ఒకప్పుడు ఈ దీవుల్లో చలామణి అయ్యే నాణెం కొబ్బరికాయ. బయటి వర్తకుల ఓడ వస్తే బట్టకు ఇన్ని కాయలు, కత్తికి ఇన్ని కాయలు అని బేరం. కార్ నికోబార్‌లో తుహెత్ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ ఇప్పటికీ ఉంది. తోటలూ పందులూ నలుగురి పేరా ఉంటాయి, విందుకైనా కష్టానికైనా అందులోంచే తీస్తారు. పంది అక్కడ ఫిక్స్‌డ్ డిపాజిట్. గ్రేట్ నికోబార్ అడవుల్లో షోంపెన్లు ఉన్నారు, వాళ్ల జోలికి పోకుండా 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధన ఉంది, బయటివాళ్లు ఆ హద్దు దాటకూడదు. మేమూ దాటలేదు.

ఇక రాబడి. ఈ దీవుల్లో పనిచేసే ఉద్యోగులకు దీవుల ప్రత్యేక భత్యం ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత నికోబార్ దీవుల్లో అది మూల వేతనంలో 20 శాతం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైన ఇంట్లో అదేమీ చిన్న మొత్తం కాదు. ఊళ్లో సినిమా హాలు లేదు, బట్టల షాపింగ్ మాల్ లేదు. ఆదివారం బయట తిందామన్నా పెద్దగా చోటు లేదు. మరి డబ్బు పోగుపడాలి కదా అని అడిగాను. మరిది నవ్వి నోట్‌బుక్ వెనక పేజీలు తిప్పి చూపించాడు. "రోజువారీ ఖర్చు ముందు పేజీల్లో వదినగారూ. అసలు ఖర్చు వెనకుంది."

వెనక పేజీల్లో ఉన్నవి ప్రయాణాలు. సొంతూరికి వెళ్లి రావాలంటే ఓడ, పోర్ట్ బ్లెయిర్‌లో బస, ఆపైన విమానం లేదా ఇంకో ఓడ. తిరుగు ఓడ ఎప్పుడన్నది తేలేదాకా పోర్ట్ బ్లెయిర్ లాడ్జిలో పడి ఉండాలి. ఆ లాడ్జి రోజుల ఖర్చును "ఎదురుచూపు" అని విడిగా రాసుకున్నారు. కొన్ని ప్రయాణాల్లో టికెట్ల కంటే అదే ఎక్కువ. ఊళ్లో వైద్యం ఉన్నా, పెద్ద జబ్బయితే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి పోవాల్సిందే. హెలికాప్టరు ఉంది. అందులో సీటు రోగులకు ముందు, తక్కినవాళ్లకు మిగిలితేనే. రోగిని ఆసుపత్రి చేరిస్తే చాలదు, వెంట ఉన్నవాళ్లు అక్కడ వారాల తరబడి తిని ఉండాలి. పెద్దమ్మాయి ఇంటర్ దాటితే చదువు పోర్ట్ బ్లెయిర్‌లోనో విశాఖలోనో. అప్పుడు రెండు కాపురాలు.

ఇవి కాక, ఎప్పుడూ ముట్టుకోని ఒక మొత్తం ఉంది. దానికి పుస్తకంలో పేరు లేదు, అంకె మాత్రమే. ఆ రోజుకారోజు పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖకు నలుగురికి విమానం టికెట్లు కొనగలిగేంత. సొంతూళ్లో అమ్మానాన్నలూ అత్తమామలూ వయసు మళ్లినవాళ్లు. "ఆ కబురొచ్చినా ఓడ లేకపోతే వెళ్లలేం అక్కా. డబ్బులేక వెళ్లలేదన్న మాట మాత్రం పడకూడదు కదా" అంది మా చెల్లి. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీని కూడా వాళ్లు కదపరు.

అక్కడి ఇళ్లలో తలుపు పక్కన మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతుంటుంది. పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు, సర్టిఫికెట్లు, భూమి కాగితాలున్నవాళ్లకు అవీ. 2004 డిసెంబరు 26 పొద్దున్న భూమి కంపించి సముద్రం మీదికొచ్చినప్పుడు ఈ తీరం కుంగిపోయింది. ఇందిరా పాయింట్ దగ్గర నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, లైట్‌హౌస్ పాదాలు నీళ్లలో పడ్డాయి. ట్రంకు పెట్టెల్లో దాచిన బంగారం, పరుపుల కింద దాచిన నోట్లు కొట్టుకుపోయినవాళ్లు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను చూసి తరవాత వచ్చినవాళ్లు ఇంట్లో విలువైనదేదీ దాచరు. బస్తాలు పైకి, కాగితాలు గుమ్మం దగ్గరికి, డబ్బు బ్యాంకుకి.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్ పని మొదలుపెట్టాక కొంత మారింది. అంతకు ముందు ఇంటర్నెట్ ఉపగ్రహం దయ. ఇప్పుడు చేపలమ్మే కుర్రాడు కూడా ఫోను చూపించి స్కాన్ చెయ్యమంటున్నాడు. పిల్లలు ఆన్‌లైన్‌లో బూట్లు ఎంచుకుంటారు. కాకపోతే 744302 అని పిన్‌కోడ్ కొట్టగానే చాలామంది అమ్మకందార్లు పంపలేమంటారు. పంపేవాళ్ల పార్సెల్ పోస్టాఫీసు ద్వారా ఎప్పటిలా ఓడెక్కే వస్తుంది. డబ్బు మెరుపులా వెళ్తుంది, వస్తువు అలల మీద వస్తుంది. ఈ తేడా వల్ల కొత్త చిక్కొకటి వచ్చిపడింది. ఇదివరకు కంటికి కనపడనిదాని మీద ఆశ ఉండేది కాదు, ఇప్పుడు రోజూ ఫోనులో కనపడుతుంది. నోట్‌బుక్‌లో ఈ మధ్య పేజీల్లో "ఆన్‌లైన్" అని కొత్త వరస చేరింది, అది పేజీ పేజీకీ పొడుగవుతోంది.

ఇప్పుడు దీవిలో ఎక్కడ నలుగురు చేరినా మాట పెద్ద ప్రాజెక్టు మీదికే పోతుంది. గలతియా బేలో ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్నం. అంచనా సుమారు 72,000 కోట్లని మొదట చెప్పారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి దానికి పోతుంది. గలతియా తీరంలో పెద్ద సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. షోంపెన్ల సంగతీ ఉంది. దీని మీద దేశంలో వాదం నడుస్తూనే ఉంది. బజారులో కొట్టాయన ఆశగా ఉన్నాడు, రోజూ ఓడ వస్తే కుళ్లిన సరుకు పారేసే బాధ తప్పుతుందని. విజయ్ నగర్ రైతు అనుమానంగా ఉన్నాడు, రేవు వస్తే తోట ఉంటుందా అని. రోడ్డు పనికి వచ్చిన కూలీ మాత్రం, పని ఎన్నాళ్లుంటే అన్నాళ్లూ చాలన్నాడు.

మా చెల్లిని అడిగాను. ఆమె అప్పుడు ఆ ఓడ పేజీ ముగిస్తోంది. మిగిలిన వరసలో బియ్యం, పప్పు, నూనె రాసి గీత గీసి చెప్పింది: "రోజూ ఓడ వస్తే మంచిదే. టమాటా రోజూ దొరుకుద్ది, పిల్లకి జ్వరమొస్తే భయం తగ్గుద్ది. కానీ ఒక మాట అక్కా. ఇన్నేళ్లలో మాకు నాలుగు డబ్బులు మిగిలాయంటే మేం పొదుపరులమై కాదు, కొనడానికేమీ లేక. రేపు అన్నీ దొరికితే అప్పుడు తెలుస్తుంది మాకు లెక్క వచ్చో రాదో." అని పేజీ తిప్పి, ఖాళీ పేజీ పైన తేదీ వెయ్యాల్సిన చోటు వదిలేసి, కింద ముందుగానే రాసుకుంది: గ్యాస్కెట్లు ఉన్నాయి, వద్దు.